చెన్నై ఇసుకలో వాంక్విష్ 340: ఉప్పుకు బెదరదు, మన రూపాయికే తికమకపడుతుంది

మెటల్ డిటెక్టర్ అనగానే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి. మాల్ గుమ్మం దగ్గర ఒంటిమీద తిప్పే నల్ల కర్ర ఒకటి, గుప్తనిధులు రెండోది. మైన్‌ల్యాబ్ వాంక్విష్ 340 ఆ రెండింటికీ పనికిరాదు. జానెడు లోతులోపు ఇసుకలో పడిపోయిన నాణెం, ఉంగరం, మెట్టె వెతుక్కోవడానికి ఈ ఆస్ట్రేలియా కంపెనీ 2019లో తెచ్చిన మొదటి మెట్టు యంత్రం ఇది. ఇరవై అడుగుల లోతులో లంకెబిందెలున్నా పట్టేస్తుందంటూ డబ్బాకి రెండు ఊచలు బిగించి లక్షలకు అంటగట్టేవాళ్లున్నారు. ఆ ఊచ తిరిగేది పట్టుకున్నవాడి మణికట్టు వల్లే. లంకెబిందెల మీద ఆశ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొట్లో "మెటల్ డిటెక్టర్ ఉందా" అంటే చేతికిచ్చేది సెక్యూరిటీ గార్డుల స్కానరే. నేల వెతికేది, కింద పళ్లెంలాంటి కాయిల్ ఉండేది కావాలని విడమరిచి చెప్పాలి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే సీరియల్ నంబరు ఉందో లేదో, వారంటీ ఎవరు చూస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి. మైన్‌ల్యాబ్‌కు నకిలీల బెడద ఎప్పటినుంచో ఉంది. పెట్టె అందగానే ఆ నంబరు కంపెనీ సైట్‌లో నమోదు కాకపోతే వెంటనే వాపసు పంపాలి, నెల తర్వాత కాదు.

చెన్నైలో ఈ సరదా అంటే ఆచరణలో బీచే. మెరీనా, పట్టినపాక్కం, బెసంట్ నగర్, తిరువాన్మియూర్, పాలవాక్కం, నీలాంకరై. పార్కుల్లో పచ్చిక తవ్వాలంటే అనుమతి కావాలి, అది అడిగితే వచ్చేది కాదు. అందుకని ఇక్కడ డిటెక్టర్‌ను లోతుతో కొలవడం అనవసరం, ఉప్పుతో కొలవాలి.

సంగతి ఏమిటంటే, కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. అవి బదులు పంపుతాయి. ఆ బదులు ఎంత బలంగా, ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి యంత్రం అది ఏ రకం లోహమో ఊహించి ఒక అంకె చూపిస్తుంది. ఉప్పునీళ్లకూ విద్యుత్తును మోసే గుణం ఉంది. దాంతో ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే డిటెక్టర్‌కి అల వచ్చి తడిపిన ఇసుకంతా పలచటి రేకు పరిచినట్టే వినిపిస్తుంది. కాయిల్ ఊపిన ప్రతిసారీ కీచుమంటుంది. సెన్సిటివిటీ (సన్న బదులును కూడా పట్టే చురుకు) సగానికి తగ్గిస్తే అరుపు ఆగుతుంది, కానీ దాంతోపాటు సన్న బంగారమూ పోతుంది. ఎందుకంటే ఉప్పు బదులూ, చిన్న కమ్మ బదులూ దాదాపు ఒక్కచోటే పడతాయి.

వాంక్విష్ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపుతుంది. కంపెనీ దానికి మల్టీ-ఐక్యూ అని పేరు పెట్టుకుంది. ఉప్పు ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి, ఆ తేడా చూసి ఉప్పు వాటాను లెక్కలోంచి తీసేయొచ్చు. ఈ కుటుంబంలో మొదటి మెట్టైన 340లో కూడా ఇదే సాంకేతికత పెట్టడమే దీన్ని కొనడానికి అసలు కారణం. పల్స్ ఇండక్షన్ అని ఇంకో రకం యంత్రాలున్నాయి, విడివిడి దెబ్బలుగా సిగ్నల్ పంపేవి. అవి ఉప్పును అసలు లెక్కచేయవు, లోతు కూడా ఎక్కువ. అయితే ఇనుమునూ బంగారాన్నీ విడదీసి చెప్పలేవు. వినాయక నిమజ్జనం జరిగే పట్టినపాక్కం, నీలాంకరై, కాశిమేడు ఒడ్డున పల్స్ యంత్రం పట్టుకుని దిగితే విగ్రహాల చట్రంలోని మేకులూ కట్టుతీగలూ ఏరుకుంటూనే పొద్దుగూకుతుంది.

అంతమాత్రాన తడి ఇసుకలో 340 నోరు మెదపదనుకోకండి. తడీ పొడీ కలిసే అంచు దగ్గర గొణుగుతుంది. ఊపు ఒక చివర పొడి ఇసుక మీద, మరో చివర తడి ఇసుక మీద పడితే ఉప్పు మోతాదు ప్రతి ఊపులోనూ మారుతుంది, యంత్రం దాన్నే లోహమనుకుంటుంది. విరుగుడు సులువు: ఊపు ఒడ్డుకు సమాంతరంగా ఉండేలా, నీళ్లవైపు మొహంపెట్టి నడవండి. అప్పుడు ఒక్కో ఊపు మొత్తం ఒకే తడి మీద సాగుతుంది. కాయిల్ నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, చివరల్లో కూడా పైకి లేవకుండా ఉండాలి. కొత్తవాళ్లంతా గోడకు సున్నం కొడుతున్నట్టు చివర్లో ఎత్తేస్తారు. తడి ఇసుక మీద అలా ఎత్తిన ప్రతిసారీ ఒక దొంగ సిగ్నల్ వస్తుంది.

పైగా మన తీరంలో ఆటుపోట్ల తేడా పెద్దగా ఉండదు, పౌర్ణమి అమావాస్యలకు కూడా సుమారు ఒక మీటరు. విదేశీ వీడియోల్లో కనిపించినట్టు ఆటు సమయంలో అర కిలోమీటరు ఇసుక బయటపడదు. తడి పట్టీ వెడల్పు కొన్ని అడుగులే. సమయంకంటే రుతువు ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల అలలు ఒడ్డును కోసినప్పుడు పై ఇసుక కొట్టుకుపోయి, బరువైనవి బయటపడతాయి. ఆ కోతలో నల్లటి చారలు కనబడితే అయస్కాంతం ఆనించి చూడండి. నల్ల ఇసుక అతుక్కుంటే ఆ చార మీద సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించాలి, ఆ ఖనిజం కూడా యంత్రాన్ని తికమక పెడుతుంది.

ఇక అసలు పేచీ. అంకెలు మైనస్ 9 నుంచి 40 దాకా ఉంటాయి. మైనస్ వైపు ఇనుము, పైకి పోయేకొద్దీ రాగి, వెండి. మోడ్‌లు మూడు: కాయిన్, జువెల్, ఆల్ మెటల్. పేరు చూసి కాయిన్ మోడ్‌లో పెట్టుకుంటే మన దేశంలో చాలా నాణేలు దొరకవు. ఆ మోడ్ ఇనుమునూ సన్న రేకునూ తోసిపుచ్చుతుంది. మన రూపాయి 1992 నుంచి అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలు. యంత్రం దృష్టిలో అది ఇనుమే, కాకపోతే గుండ్రటి బిళ్ల ఆకారం వల్ల మంచి లోహంలా కూడా నటిస్తుంది. ఆల్ మెటల్‌లో కాయిల్‌ని రూపాయి మీదుగా మెల్లగా పోనిచ్చి వినండి. అంచు దగ్గర ఇనుము గొణుగు, సరిగ్గా నడిమీదకు రాగానే చురుకైన హెచ్చు స్వరం, మళ్లీ అవతలి అంచున గొణుగు. అంకె ఒకచోట నిలవకుండా కిందికీ పైకీ గెంతుతుంది. తొంభై డిగ్రీలు తిరిగి ఇంకో దిక్కు నుంచి ఊపినా నడిమి స్వరం అలాగే గుండ్రంగా వస్తే రూపాయి. ఒక దిక్కున పలికి మరో దిక్కున సాగిపోతే మేకు. సోడా మూత ఈ రెండింటి మధ్య నాటకమాడుతుంది. కాయిల్‌ని ఒక పది సెంటీమీటర్లు పైకెత్తి ఊపితే మూత స్వరం తొందరగా చితికిపోతుంది. నూటికి నూరుపాళ్లు కాదు గానీ, తవ్వకాలు బాగా తగ్గుతాయి.

ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ల, 2020లో వచ్చిన పన్నెండు పలకల ఇరవై రూపాయల బిళ్ల మాత్రం ఏ దిక్కు నుంచైనా గంట కొట్టినట్టు పలుకుతాయి. పాత పదకొండు పలకల రెండు రూపాయలు రాగి-నికెల్ మిశ్రమం. అది మధ్యలో పలుకుతుంది. సరిగ్గా బంగారం పలికే వీధిలో.

బంగారానికి ప్రత్యేకమైన అంకె లేదు. ఉంగరం బరువును బట్టి, వెడల్పును బట్టి 1 నుంచి 20 దాకా ఎక్కడైనా పడొచ్చు. అదే వీధిలో మాత్రల అట్ట రేకు, కూల్‌డ్రింక్ డబ్బా చెవి, సీసం గుండ్లు కాపురముంటాయి. నొచ్చికుప్పం, ఊరూర్ కుప్పం లాంటి జాలరి పేటల ముందు వలలకు కట్టే సీసపు గుండ్లు ఎన్నో. వాటి సిగ్నల్ అచ్చం లావుపాటి ఉంగరంలా నిలకడగా ఉంటుంది. కనుక బంగారం కావాలంటే జువెల్ మోడ్, ఓపిక, చెత్త సంచి. అడ్డదారి లేదు. గొలుసైతే ఇంకా కష్టం. యంత్రానికి గొలుసు మొత్తం కనబడదు, ఒక్కో కొక్కెం విడివిడిగా కనబడుతుంది. రెండు తులాల సన్న గొలుసు కూడా దాని హుక్కు ఎంతుందో అంతే పలుకుతుంది. బీచ్‌లో గొలుసు పోయిందని ఎవరైనా వస్తే ఈ మాట ముందే చెప్పడం మర్యాద. లాకెట్ ఉంటేనే ఆశ.

మెట్టెల సంగతి మన ఇళ్లకు సంబంధించింది కాబట్టి చెప్పాలి. వెండి సాధారణంగా హెచ్చు అంకె చూపిస్తుంది. కానీ మెట్టె కింది భాగం తెరిచి ఉంటుంది, వేలికి సరిపోయేలా నొక్కడానికి. ఆ చిన్న సందు వల్ల సుడి ప్రవాహం చుట్టూ తిరగలేదు. అందుకే మూసిన వెండి ఉంగరం ముప్పై దరిదాపుల్లో పలికితే, అదే వెండి మెట్టె బాగా కిందికి జారి, గొంతు కూడా సన్నబడుతుంది. రెండు చివరలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే మళ్లీ పైకెక్కుతుంది. ఇంట్లో ఉన్న ఒక జత మెట్టెలు, ఒక పట్టీ, ఒక దిద్దు, రకానికొక నాణెం బల్లమీద పరిచి (చెక్క బల్ల, మేకుల్లేనిది) ఒక్కొక్కటి ఏ అంకె చూపిస్తుందో కాగితం మీద రాసుకోండి. అమెరికా నాణేలకు కట్టిన పట్టికలు ఇక్కడ చిత్తు కాగితాలు.

యంత్రం కట్టుబడి విషయానికొస్తే, బ్యాటరీలతో కలిపి 1.2 కిలోలు, పది అంగుళాలకు ఏడంగుళాల డబుల్-డీ కాయిల్ (లోపల డీ ఆకారపు తీగచుట్టలు రెండు). రెండు గంటలు ఊపినా భుజం లాగదు. నేల సర్దుబాటు (నేలలోని ఖనిజాల సందడిని లెక్కలోంచి తీసేయడం) అదే చూసుకుంటుంది, చేత్తో చేసే వీలు లేదు. విద్యుత్ తీగల సందడి, సెల్ టవర్ రొద ఎక్కువైతే కాయిల్‌ని గాల్లో కదలకుండా పట్టుకుని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఆన్ అయ్యే ప్రతిసారీ అదే నిశ్శబ్దంగా ఉన్న దారి వెతుక్కుంటుంది. మెరీనా హైమాస్ట్ దీపాల కింద ఈ పని రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. జేబులో ఫోను కాయిల్‌కి దూరంగా ఉండాలి. సేఫ్టీ బూట్ల ఇనుప ముట్టె, లేసు కన్నాల రింగులు కూడా పలుకుతాయి.

లోట్లు రెండు. మొదటిది, కాయిల్ మీటరు లోతు దాకా నీళ్లు తట్టుకుంటుంది గానీ పైనున్న డబ్బా తట్టుకోదు. మోకాళ్లు దాటి దిగారంటే ఒక్క అల చాలు. మన ఒడ్డున లోగుంజు ప్రవాహాల వల్ల ఏటా ప్రాణాలు పోతున్నాయి, కాబట్టి ఇది లోటో మేలో చెప్పడం కష్టం. రెండోది, వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ మీట లేదు. ఇదే కుటుంబంలో పై మెట్టు మోడళ్లైన 440, 540ల్లో ఉంది. దీనికి చేతి ఒడుపు నేర్చుకోవాలి. సిగ్నల్ వచ్చినచోట చిన్న చిన్న ఊపులతో కాయిల్‌ని మీవైపు వెనక్కి లాగుతూ రండి. స్వరం ఎక్కడ టక్కున తెగిపోతుందో, అక్కడ కాయిల్ ముందు మొనకి సరిగ్గా కింద వస్తువు ఉంటుంది. పది పదిహేను సార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది.

440కి పెట్టే అదనపు డబ్బు కంటే చేతి పిన్‌పాయింటర్ (గుంతలో గుచ్చి వస్తువు ఎక్కడుందో పట్టే చిన్న కర్ర) మీద పెట్టే డబ్బు ఎక్కువ పనికొస్తుంది. గారెట్ ప్రో-పాయింటర్ ఏటీ ఇరవై అడుగుల లోతు నీళ్లు తట్టుకుంటుంది, 9 వోల్టుల బ్యాటరీ, కాషాయ రంగు. ఐదు నిమిషాలు మీట నొక్కకపోతే ఇసుకలో మరిచిపోయారేమోనని కూత పెడుతుంది. తడి ఉప్పు ఇసుకలో గుచ్చినప్పుడు ఊరికే వణికితే, మొనని ఆ ఇసుకకే ఆనించి మీట ఒక్కసారి నొక్కితే సర్దుకుంటుంది.

స్కూప్ (ఇసుక తోడి జల్లించే చిల్లుల గరిట) మాత్రం బయటినుంచి తెప్పించుకోనక్కర్లేదు. అంబత్తూరు, గిండీ వైపు స్టీలు రేకు వంచే షాపులో చేయించుకోవచ్చు. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు, 1.5 మిల్లీమీటర్ల రేకు, 7 లేదా 8 మిల్లీమీటర్ల చిల్లులు. పది మిల్లీమీటర్ల చిల్లులు పెడితే ఇసుక త్వరగా జారుతుంది నిజమే, దిద్దులు కూడా జారిపోతాయి. ఐదు పెడితే తడి ఇసుక ముద్దై కూర్చుంటుంది. పొడి ఇసుకకు తేలికపాటి ప్లాస్టిక్‌ది చాలు. స్టీలు స్కూప్‌ని కాయిల్‌కి కనీసం ఒక మీటరు దూరంలో పెట్టండి. ఒట్టి చేతులతో కెలకొద్దు, గాజు పెంకులూ గేలపు కొక్కేలూ ఉంటాయి.

తవ్వే తీరు గురించి. పొడి ఇసుకలో గుంత దానంతటదే పూడుతుందని వదిలేసేవాళ్లే ఈ సరదాకి చెడ్డపేరు తెస్తున్నారు. మెరీనాలో పిల్లలు పరిగెడతారు, స్వారీ గుర్రాలు నడుస్తాయి. బెత్తెడు గుంత చాలు కాలు మెలితిరగడానికి. తీసిన మట్టి తిరిగి పోసి, కాలితో తొక్కి, పిన్‌పాయింటర్‌తో ఇంకేమీ లేదని చూసుకుని కదలాలి. దొరికిన సోడా మూతలూ మేకులూ మళ్లీ ఇసుకలో వేయకూడదు. సంచికి రెండు అరలుండాలి, ఒకటి చెత్తకే. మన ముక్కనుమ నాడు తమిళుల కాణుం పొంగల్. ఆ మర్నాడు మెరీనాలో చిల్లర బాగా దొరుకుతుంది, కానీ ఊడ్చేవాళ్లూ ఇసుక జల్లెడ పట్టే యంత్రాలూ పని ముగించాకే దిగాలి. అమావాస్య తర్పణాలు, అస్థి నిమజ్జనం జరిగేచోట రాగి చెంబో నాణేలో సిగ్నలిస్తే అక్కడ కాయిల్ ఎత్తేయడమే. వేరే ఎవరైనా వెతుకుతుంటే కనీసం ముప్పై అడుగుల ఎడం ఉంచండి, రెండు యంత్రాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి కూడా. "ఎన్న సార్ తేడ్రీంగ?" (ఏం వెతుకుతున్నారు సార్?) అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. హెడ్‌ఫోన్ తీసి, సంచిలోని తుప్పు మేకులు చూపిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. పోలీసులు అడిగితే వాదన పెట్టుకోకుండా ఆపేయాలి. కొత్తచోట మొదలుపెట్టే ముందే అవుట్‌పోస్టులో ఒక మాట చెప్పడం ఇంకా మంచిది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా బెసంట్ నగర్, నీలాంకరై ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గూడు మూరెడు లోతు, అందులో వందకు పైగా గుడ్లు. పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. 1988 నుంచి విద్యార్థుల బృందం రాత్రంతా నడిచి ఆ గూళ్లు వెతికి కాపాడుతోంది. వాళ్లకు కనబడనివి కూడా కొన్ని మిగులుతాయి. స్కూప్ పోటు ఒక్కటి చాలు. ఆ నాలుగు నెలలూ అలలు తడిపే పట్టీకే పరిమితం కావాలి, రాత్రి తలదీపం వేసుకుని అసలు వెళ్లకూడదు. వెలుతురుకు పిల్ల తాబేళ్లు దారి తప్పుతాయి. తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, తెలియక జరిగిందంటే చెల్లదు.

చట్టం విషయంలో మిగతావీ తెలుసుకోవాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వందేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మామల్లపురం (మహాబలిపురం) వైపు యంత్రం కారు డిక్కీలోంచి కూడా తీయకండి. నిన్న మొన్న పోయిన ఉంగరం దొరికితే అది పోగొట్టుకున్నవారిది. దాన్ని దురుద్దేశంతో ఉంచేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కిందికి వస్తుంది. లోపల పేరో తేదీయో చెక్కి ఉంటే ఫొటోలో ఆ భాగం చూపించకుండా ప్రకటన ఇవ్వండి, అసలు యజమాని ఆ తేదీ తానే చెబుతారు.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కాయిల్, కింది కడ్డీ కడగాలి, డబ్బా మీద తడిగుడ్డతో తుడవాలి, కుళాయి కింద పెట్టకూడదు. కాయిల్ తొడుగు ఊడదీసి లోపలి ఇసుక దులపడం చాలామంది మరిచిపోతారు. అందులో చేరిన నల్ల ఇసుక నెల తర్వాత కాయిల్ నేలకు తగిలినప్పుడల్లా దొంగ కూతలు పెట్టిస్తుంది, యంత్రం పాడైందని రిపేరుకు పంపుతారు. కడ్డీ మెలిక తాళాల్లో ఇసుక ఉండగా బిగిస్తే గీతలు పడి జారడం మొదలవుతుంది. కేబుల్ కడ్డీకి బిగువుగా చుట్టి ఉండాలి, వేలాడితే అదీ సిగ్నలే. ఏఏ సైజు బ్యాటరీలు నాలుగు. రీఛార్జ్ చేసే నికెల్ రకం వాడుకుంటే రెండు మూడు వెళ్లిరాకలకు సరిపోతాయి. వానాకాలంలో వారం పక్కన పెడుతున్నారంటే అవి బయటికి తీసేయండి. చెన్నై ఉక్కకు ఆల్కలైన్ బ్యాటరీ కారి స్ప్రింగు తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు, వారంటీలో అది రాదు.